బావగారి కుండ

ఆ మాట అన్నందుకు కాదండీ నాకు కోపం. రెండో ముక్క దగ్గర అన్నందుకు.

మొదటి ముక్కకి ముందే అనుంటే అసలు విస్తరి ముందు కూర్చునేదాన్నే కాదు. అంతా అయ్యాక, చేతులు కడుక్కునేటప్పుడు అన్నా బాగుండేది, కడుపైనా నిండేది. సరిగ్గా నేను వంజరం పులుసులో గరిటె ముంచి, రెండో ముక్క పైకి తీస్తుంటే అన్నారు. తోక ముక్క కూడా కాదు, నడుం ముక్క.

కదలకండి బావగారూ. కాలు ఆ పీట మీదే ఉంచండి. మొహం అటు గోడకేసి పెట్టుకోండి. నా దగ్గరికొచ్చిన వాళ్ళందరికీ ఇదే రూలు, చూడకూడదు. చూసినవాళ్ళు పడిపోతున్నారండీ. మొన్న కూచిపూడి నుంచి ఒక మేష్టారొచ్చారు, ఆరడుగుల మనిషి. జలగెలా ఉంటుందో చూద్దామని ఒక్కసారి తొంగిచూసి నా మీదే పడ్డారు. ఆయన్ని లేపడానికి పక్కింటివాళ్ళని పిలవాల్సొచ్చింది.

వేలు కడిగాను. సబ్బు వాసనుంటే పట్టదు, అందుకని వట్టి నీళ్ళతో కడిగాను. ఒక పాలచుక్క వేశాను. ఇదిగో, పెట్టాను.

కుట్టిందా?

కుట్టిందన్నమాట. చీమ కుట్టినట్టుందా? సరే.

తడిగుడ్డ కప్పుతున్నాను. ఇక దాని ఇష్టం. అరగంట తాగుతుంది, ముప్పావుగంట తాగుతుంది. మధ్యలో మనం పీకకూడదు, పీకితే దాని పళ్ళు లోపల ఉండిపోతాయి. దానంతట అది వదలాలి. అందాకా మీరు మాట్లాడకూడదు.

మాట్లాడితే ఏమవుతుందా? ఏమీ అవదండీ. నాకు మాట్లాడాలని ఉంది, అందుకు.

పదకొండేళ్ళు ఆగాను కదా. మీరు ముప్పావుగంట ఆగలేరా?

గిలకలదిండిలో మీ కొత్త బోటు నీళ్ళలోకి దించిన రోజు అది. గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టి, ఒడ్డునే పందిరేసి భోజనాలు పెట్టారు. మీ తమ్ముడు పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ మీ ఇంట్లోనే ఉన్నాను. పిల్లాజెల్లా లేనిదాన్ని, ఎక్కడికి పోతాను? ఊరికే ఉన్నానా అంటే అదీ లేదు. తెల్లారేసరికి హార్బరులో ఉండేదాన్ని. మీ బోటు చేప ఏరింది నేను, ఉప్పు పట్టించింది నేను, ఎండబెట్టింది నేను, కాకుల్ని తోలింది నేను. కాకులు కూడా నన్ను గుర్తుపట్టేవి. ఇంట్లోవాళ్ళకే గుర్తుండేది కాదు.

అంతమంది ముందు అన్నారు. "ఇది మనిషి కాదురా, జలగ. మా తమ్ముణ్ణి తాగేసి ఇప్పుడు నన్ను పట్టుకుంది" అని. అందరూ నవ్వారు. అందరూ అంటే అందరూ కాదులెండి, అబద్ధమెందుకు. ఐసు ఫ్యాక్టరీ ఆయన నవ్వలేదు. ఆయనకి చెవుడు.

నేను ఆ ముక్కని మళ్ళీ గిన్నెలో వదిలేశాను. ఎంగిలి చెయ్యలేదు, గరిటెలోదే. తర్వాత అది ఎవరు తిన్నారో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంటుంది.

మర్నాడు మొదటి బస్సుకి పుట్టింటికి, ఈ పులిగడ్డ వచ్చేశాను. మా నాన్న ఇక్కడ కాలవ లాకుల దగ్గర పనిచేసేవాడు కదా, మా అమ్మ జలగలు పెట్టేది. వాళ్ళు పోయారు, కుండలున్నాయి. ఏం చెయ్యాలో తోచక ఒక కుండ తీసి కడిగాను. జలగన్న మాటొకటి మీరు నా మీద వేసి పంపించారు, ఊరికే ఎందుకు పోగొట్టుకోవాలని దాన్నే పని చేసుకున్నాను. ఇప్పుడు బయట బోర్డు చూశారు కదా, 'జలగల అచ్చమ్మ గారు'. అదే మాటండీ, చివర గారు చేరింది. గుడివాడలో ఒక ఆయుర్వేదం డాక్టరు గారు నా దగ్గరే జలగలు తీసుకుంటారు. తన రోగుల్ని కూడా పంపిస్తారు.

ఉండండి, గుడ్డ ఆరిపోతోంది. తడిపి వస్తాను.

ఆఁ. కాలు అలాగే ఉంచండి. చూడకండని చెప్పానా.

ఏమంటున్నానూ, గుడివాడ. ఆ డాక్టరు గారి దగ్గర తేజస్విని అని ఒక అమ్మాయి పని నేర్చుకుంటోంది. చిన్నపిల్లే గానీ నోరు ఊరుకోదు. పోయిన నెలలో వచ్చి, పుస్తకం తెరిచి, "అమ్మా, జలగ అన్న మాట జనం ఎన్ని రకాలుగా వాడతారో చెప్పు, రాసుకుంటాను" అంది. నేను మీరన్నదే మొదట చెప్పాను. ఒకరి మీద పడి తినేవాళ్ళని అంటారమ్మా అని. ఎవరన్నారో చెప్పలేదులెండి. చెప్పాను, కానీ పేరు చెప్పలేదు.

ఇంకా చెప్పమంది. ఇంకేముందమ్మా అన్నాను, ఎలక్షన్లలో మైకు పెట్టి వీళ్ళు వాళ్ళని అంటారు, వాళ్ళు వీళ్ళని అంటారు. ఆటో మా ఇంటి ముందు నుంచే పోతుంది, కుండల్లో ఉన్నవాటికి వినపడుతుంది, ఒక్కటీ కదలదు. బస్సులో తల్లి చంటిపిల్లని అంటుంది, జలగలా పట్టుకున్నావేమే అని. అంటూనే ఇంకా దగ్గరికి లాక్కుంటుంది. కబడ్డీలో అయితే అది పొగడ్త. వీడిది జలగ పట్టురా అంటే వాడికి ఆ రోజంతా తిండి అక్కర్లేదు. చూశారా, ఒకే మాట, అనేవాళ్ళని బట్టి ఉంటుంది.

అప్పుడా పిల్ల ఇంగ్లీషు వాళ్ళది చెప్పింది, జలగని వాళ్ళు లీచ్ అంటారట. వెనకటికి వాళ్ళలో వైద్యుణ్ణి కూడా అదే మాటతో పిలిచేవారట. జలగన్నా డాక్టరన్నా ఒకటేనట. నేను నమ్మలేదు. ఫోన్లో చూపించింది. ఫోన్లో సినిమాలు దింపుకుని తిరిగి ఎవరికీ ఇవ్వనివాణ్ణి కూడా అదే అంటారట. ఇంకోటి చెప్పింది, అది మీకోసమే గుర్తుపెట్టుకున్నాను. తెరచాపకి వెనకవైపు అంచుంటుంది చూశారూ, గాలి బయటికి పోయే వైపు, దాన్ని కూడా వాళ్ళు అదే మాటంటారట. ఆ అంచు వదులైతే చాప కొట్టుకుంటుందట గదా?

నవ్వకండి, కాలు కదులుతుంది.

దానికి మనవాళ్ళ పేరేమిటని అడిగింది. మా బావగారు ఇంజన్లు రాకముందు తెరచాప మీద వెళ్ళినవారు, ఆయన్నడగాలి అన్నాను. ఏమంటారండీ? అంచేనా? వట్టి అంచేనా? సరే, అదే చెప్తాను. పాపం ఏదో పెద్ద పేరుంటుందని చూస్తోంది.

ఏం, పట్టినట్టు తెలుస్తోందా ఇంకా? తెలుస్తోందా. లాగుతున్నట్టుందా. సరే బావగారూ.

నన్ను జలగ అన్నందుకు జలగలకి కోపం రావాలిగానీ నాకెందుకసలు? వాటికొక పద్ధతుంది. గేదెలకి పట్టేవి నల్లగా లావుగా ఉంటాయి, అవి మనకి పనికిరావు. ఇవి సన్నటివి, వీపు ఆకుపచ్చ, పక్కలకి పసుపు గీత. కడుపు నిండిందా, ఎవరూ చెప్పక్కర్లేదు, తనంతట తనే ఊడి పడిపోతుంది. రేపటికి దాచుకోదు. మూతికి కాస్త పసుపు రాస్తే తాగిందంతా కక్కేస్తుంది. మనుషుల్లో అలా కక్కేవాణ్ణి నేను చూడలేదు. మీ ఇంట్లో నాలుగేళ్ళెందుకున్నానంటారా? కడుపు నిండలేదండీ. నిండుంటే ఎప్పుడో ఊడిపోయేదాన్ని.

ఇంకోటుంది. ఒక్కోసారి చచ్చిన గేదె కాలవలో కొట్టుకొస్తుంది. కాకులు వాలతాయి, చేపలు పొడుస్తాయి, కుక్కలు ఒడ్డున కాచుకునుంటాయి. ఒక్క జలగ దగ్గరికి పోదు. ఎంత ఆకలిగా ఉన్నా పోదు. దానికి బతికున్నదే కావాలి.

ఉండండి, గుడ్డ.

ఈసారి కాస్త పక్కకి జరుపుతున్నాను. ఏం లేదు, నీళ్ళు కారుతున్నాయి.

ఇంతకీ మీ వేలికి గుచ్చుకున్నది జెల్ల ముల్లంటగా. మీ ఇంటావిడే చెప్పింది, వీరదుర్గక్క. గుచ్చుకున్నట్టే మీకు తెలియలేదట, వంటింట్లో గచ్చు మీద రక్తం మరకలు చూసి అక్క వాటి వెంబడే నడుచుకుంటూ వస్తే మీ కాలు దగ్గర తేలిందట. సుగరు పదిహేనేళ్ళ నుంచి ఉంటే అంతేనండీ, కాళ్ళు మనవి కానట్టు ఉంటాయి. ఎప్పుడు చెప్పిందా? అప్పుడే మూడు నెలలైంది. పెడనలో పెళ్ళికి వెళ్తే అక్కడ కనపడింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. డాక్టరు దగ్గరికి పోరు, ఉప్పునీళ్ళలో కడిగితే పోతుందంటున్నారు, నువ్వైనా ఒకసారి చూడవే అంది.

మీ అబ్బాయి భరత్ పొద్దున మిమ్మల్ని దింపి వెళ్తూ, గుమ్మంలో నాకు మిగతాది చెప్పాడు. మీకు వినపడకుండా అనుకున్నాడు. బందరులో డాక్టరు రెండు వేళ్ళు తీసెయ్యాలన్నాడని. ఇప్పుడైతే వేళ్ళు, ఆలస్యమైతే పాదం, ఇంకా ఆలస్యమైతే మోకాలు దాకా అన్నాడని. మీరు "కాలు లేనోణ్ణి బోటు మీద ఎవడెక్కించుకుంటాడ్రా, నేను అచ్చమ్మ దగ్గర జలగలు పెట్టించుకుంటాను" అని, చేపల వ్యానెక్కి ఇంతదూరం వచ్చారని. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

పాపం ముప్పయ్యేళ్ళవాడు. మీ మాట అందరూ వినాలి గానీ మీరు ఎవరి మాటా వినరు.

నా దగ్గర ఒక్కొక్కళ్ళకీ ఒక్కో కుండ, తెలుసా మీకు? ఒకరి రక్తం తాగినదాన్ని ఇంకొకరికి పెట్టకూడదు. అందుకని కుండ మీద పేరు రాస్తాను. ఆ అరుగు మీద చూడండి, వద్దు, చూడకండి, నేనే చెప్తాను. పోతయ్య గారిది, రాజకుమారి గారిది, మేష్టారిది. చివర చిన్న కుండ. దాని మీద మీ పేరు రాయాలి. మీ పేరు నేనెప్పుడైనా పలికానా? బావగారి పేరు పలకడమేమిటని మా అత్తగారు మొదటిరోజే చెప్పింది. పలకనిది రాయొచ్చా లేదా అని చాలాసేపు సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాను. చివరికి 'బావగారు' అని రాశాను. వచ్చినవాళ్ళు అడుగుతారు, ఎవరి బావగారండీ అని. అందరికీ బావగారేలెండి, పెద్దమనిషి అంటాను.

ఎప్పుడు రాశానా?

పెడన పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడు.

పొలాల్లో మందులు కొట్టీ కొట్టీ జలగలు లేకుండా పోయాయి. లాకుల కింద తూటికాడ పెరిగినచోట మోకాలి లోతు నీళ్ళలో కదలకుండా నిలబడాలి. కాలికి తగలగానే, పళ్ళు దించకముందే తీసెయ్యాలి. రెండు పూటలు నిలబడితే మూడు దొరికాయి. బావగారి కుండలో వేశాను. మూడు రోజులకోసారి కాలవ నీళ్ళు మార్చాను. కుళాయి నీళ్ళు పొయ్యలేదు, ఆ మందు వాసనకి చస్తాయి. వాటిని ఎవరికీ పెట్టలేదు. మూడు నెలల నుంచి పస్తులున్నాయి. చేతిలోకి తీసుకుంటే వేళ్ళకే పట్టేస్తున్నాయి, అంత ఆకలి.

గుడ్డ ఇంకోసారి, అంతే. ఇదే ఆఖరు.

అబ్బా అన్నారు.

కాలు లాక్కున్నారు కూడా. లాక్కోండి, పర్వాలేదు. ఎక్కడ నొప్పి పుట్టింది? పాదం మీద, ఇక్కడా? నా వేలు తగులుతోందా? మంట పుట్టిందా? బాగా పుట్టిందా? ఇంకోసారి అనండి బావగారూ, అబ్బా అని. నాకు వినాలని ఉంది.

లేదు, నవ్వడం లేదు. కళ్ళు తుడుచుకుంటున్నాను. పసుపు చేత్తో తుడుచుకున్నాను, మండుతున్నాయి.

ఇప్పుడు మొహం ఇటు తిప్పండి. చూడండి. పడిపోతే పట్టుకుంటాను.

గుడ్డ కింద ఏముంది? ఏమీ లేదు. పాదం మీద ఆ చిన్న చుక్క చూశారూ, జలగ కుట్టింది అక్కడొక్కచోటే. పట్టగానే పసుపు వేసి వదిలించేశాను. కత్తి కిందికి వెళ్ళేవాళ్ళకి రక్తం కారుతూ ఉండకూడదు.

వేలికి కుట్టలేదండీ. చీమ కుట్టినట్టుందన్నారు, లాగుతున్నట్టుందన్నారు. ఏం లాగిందండీ, మీరు చీమ కుట్టినట్టుందంటుంటే మొదటిది ఇంకా నా చేతిలోనే ఉంది. వేలి మీద వదిలితే అటూ ఇటూ తల తిప్పి, దిగి పీట మీదికి వెళ్ళిపోయింది. గుడ్డ తడపాలని మూడుసార్లు లేచాను కదా, తడపడానికి కాదు. రెండోదాన్ని పక్క వేలి మీద పెట్టాను. అదీ దిగిపోయింది. మూడు నెలలు పస్తులున్న జలగండీ. మూడోదాన్ని పాదం మీద పెడితే ఒక్కసారే పట్టింది, మీరు అబ్బా అన్నారు.

అందాకా మీరున్నారు బావగారూ. అక్కణ్ణుంచి ముందుకి లేరు. ఆ రెండు వేళ్ళూ ఎప్పుడో వెళ్ళిపోయాయి, మీరు వాటికి చెప్పులు తొడుగుతున్నారు, అంతే. డాక్టరు చెప్పిందీ అదే. ఆయన చెబితే నమ్మలేదు కదా, జలగ చెబితే నమ్మండి.

ఇలాంటివి నేను నయం చెయ్యలేను. మా అమ్మా చెయ్యలేదు. జలగ పట్టకపోతే ఆసుపత్రికి పంపించెయ్యమని చెప్పేది, ఆవిడకి తెలిసిన వైద్యంలో సగం అదే.

మొదటిసారి గుడ్డకని లోపలికి వెళ్ళినప్పుడే భరత్‌కి ఫోన్ చేశాను. నాగాయలంకలో లోడుకి ఆగాడట. లోడొద్దు, ఖాళీగా రా, ఐసు పెట్టెలు దించేసి వెనకాల పరుపెయ్యి అన్నాను. వాడు ఎందుకని కూడా అడగలేదు. సరే పిన్నీ అన్నాడు. పదకొండేళ్ళయింది వాడు నన్నలా పిలిచి.

అరవకండి. మోసం చేశాననుకోండి. మిమ్మల్ని కదలకుండా గంటసేపు కూర్చోబెట్టగలిగిన డాక్టరు ఇంకెవరున్నారు?

కానీ అసలు మోసం ఇది కాదండీ. అదీ చెప్పేస్తాను, వ్యాను వచ్చేలోపల.

పెడన నుంచి వచ్చాక కుండ సిద్ధం చేశాను, జలగలు పట్టాను, పేరు రాశాను. గిలకలదిండి ఎంత దూరమని? రెండు బస్సులు. కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉండేదాన్ని. అప్పుడు ఒక్క వేలే నల్లబడిందని అక్క చెప్పింది. అప్పుడు వచ్చి పెట్టి చూసుంటే, పట్టలేదని ఆ రోజే తెలిసేది, ఆ రోజే మిమ్మల్ని పంపించేదాన్ని. ఒక వేలితో పోయేది.

రాలేదు. బస్సు లేక కాదు. మీరు రావాలని కూర్చున్నాను. మీరే నా గుమ్మం ముందు నిలబడి, మీ నోటితో ఆ మాటే అనాలి, అడుక్కున్నట్టు అనాలి. అందుకు నీళ్ళు మార్చుకుంటూ మూడు నెలలు కూర్చున్నాను. రోజూ బందరు బస్సు ఆగినప్పుడల్లా తలుపు దాకా వచ్చి చూసేదాన్ని. అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఆయన్నే రమ్మనక్కా అన్నాను.

ఆ రెండో వేలు నాది బావగారూ. డాక్టరు తీసేటప్పుడు అది నా లెక్కే అనుకోండి.

పొద్దున వచ్చారు. భరత్ భుజం మీద చెయ్యేసి, గుమ్మంలో నిలబడి, "అచ్చమ్మా, ఒక జలగ పెట్టమ్మా" అన్నారు. పదకొండేళ్ళ నుంచి ఆ మాట ఎలా ఉంటుందో అనుకుంటున్నాను.

విన్నాను. ఏమీ లేదండీ అందులో.

అదిగో, వ్యాను హారన్. లేవండి. ఆ కాలు కింద మోపకండి, నా భుజం పట్టుకోండి. ఇంకాస్త గట్టిగా పట్టుకోండి, నాకేం నొప్పి లేదు.